కారం తక్కువ మిరపకు ఇంటికాడ నాలుగు సాళ్లు ఇయ్యాలె

ఇయ్యాల పోస్టు జెర పొడుగే. వీలున్నప్పుడు చదవండి, మధ్యల ఆపి పొలం కాడికి పోయొచ్చి మళ్ల చదివినా ఏం కాదు.

మన దిక్కు మిరపకాయకు ఒకటే పరీక్ష. నోట్ల పెట్టంగనే కండ్లల్ల నీళ్లు వచ్చినయా, రాలేదా? వస్తే మంచి కాయ, రాకపోతే చప్ప కాయ. త్రిపురారం సంతల అయినా, మిర్యాలగూడ కూరగాయల మార్కెట్‌ల అయినా ఇదే తీర్పు. తేజ పెట్టినోడు మీసం తిప్పుతడు. కారం లేని కాయ పెట్టినోన్ని చూసి "ఇది మిరపకాయనా, బెండకాయనా" అని నవ్వుతరు. నేను చెప్పేది ఏందంటే ఈ తీర్పు తప్పు. కారం ఒకటే మిరప గుణం కాదు. కారం వేరు, రంగు వేరు, రుచి వేరు. ఈ మూడింటిని ఒకటే అనుకునుడుతోని మన వంటింటికీ నష్టమైతుంది, జేబుకూ నష్టమైతుంది. అందుకే ప్రతి రైతు ఇంట్ల, ఎన్ని ఎకరాల వరి ఉన్నా సరే, నాలుగు సాళ్లు కారం తక్కువ మిరప ఉండాలని నా వాదన. అమ్మనీకి కాదు, తిననీకి.

ముందుగాల కారం అంటే ఏందో చూద్దాం. ఉప్పు, పులుపు, తీపి, చేదు లెక్క కారం ఒక రుచి కాదు. మిరపల ఉండే క్యాప్సైసిన్ అనే పదార్థం మన నాలుక మీద వేడిని, మంటను పసిగట్టే నరాలను తట్టి లేపుతది. నిప్పు తగిలినప్పుడు ఏ నరం అరుస్తదో అదే నరం మిరపకాయకు అరుస్తది. ఆ నరాల్లో క్యాప్సైసిన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 2021ల నోబెల్ బహుమతి (ఇంకొకరితో కలిపి) ఇచ్చిండ్రు. అంటే మనం "అబ్బ ఏం కారం" అని మెచ్చుకునేది నిజానికి నొప్పిని. పక్షులకు ఈ నొప్పి తెల్వదు. అందుకే రామచిలుకలు మన పండుమిరపను జామపండు తిన్నట్టు తినిపోతయి, మనమేమో డబ్బాలు కొట్టుకుంట కూసుంటం.

కారానికి కొలత కూడా ఉంది. 1912ల విల్బర్ స్కోవిల్ అనే మందుల శాస్త్రవేత్త మిరప సారాన్ని చక్కెర నీళ్లల్ల పలుచగ చేసుకుంట, చేసుకుంట, మనిషి నాలుకకు మంట తెల్వకుండ పోయేదాక కలిపి చూసిండు. ఎన్ని రెట్లు పలుచగ చేస్తే మంట పోయిందో అదే ఆ కాయ లెక్క. ఇప్పుడు మిషన్లతోని కొలుస్తరు గానీ లెక్కకు పేరు మాత్రం ఆయనదే. ఈ లెక్కల కాప్సికం, అదే బెంగళూరు మిరప అంటం చూడు, దానిది సున్నా. కారం తయారు చేసే గుణమే దానిల పని చెయ్యదు. మన గుంటూరు సన్నం నడిమి మెట్టు మీద ఉంటది, తేజ దానికి మస్తు మీద ఉంటది. కర్ణాటక హావేరి జిల్లా బ్యాడగి మిరప, మన వరంగల్ దిక్కు చపాటా మిరప కింది మెట్ల మీద ఉంటయి. కింది మెట్టు మీద ఉన్నంత మాత్రాన కింది జాతి అన్నట్టు కాదు. అది మంట లెక్క, అంతే.

ఇక్కడ రెండు అపోహలు తీసెయ్యాలె, మన ఊర్లల్ల బాగా పాతుకపోయినయి.

ఒకటి, గింజల్ల కారం ఉంటదని. గింజల్ల కారం పుట్టదు. కాయ నడుమ గింజలు పట్టుకొని ఉండే తెల్లటి దూది లాంటి భాగం ఉంటది కదా, క్యాప్సైసిన్ తయారయ్యేది దాన్లనే. గింజలు దానికి అతుకొని ఉంటయి కాబట్టి వాటికి ఇంత పూసుకుంటది. ఏ కాయకైనా కారం తగ్గించాలంటే గింజ దులిపితే సరిపోదు, ఆ తెల్ల ఈనె గీకెయ్యాలె. ఇది తెలిస్తే నడిమి కారం కాయను గూడ పిల్లలు తినేటట్టు వండొచ్చు.

రెండోది, తేజ పక్కన చప్ప మిరప పెడితే చప్ప కాయకు గూడ కారం ఎక్కుతదని. ఎక్కదు. ఆ తెల్ల ఈనె తల్లి చెట్టుది. పక్క చేను పుప్పొడి వచ్చి పడ్డా ఈ యేడు కాయ కారం మారదు. మారేది వచ్చే యేడు, ఆ కాయ గింజను విత్తనంగ దాచి పోసినప్పుడు. మిరప పువ్వు ఎక్కువ శాతం తనకు తానే పండుతది గానీ, తేనెటీగలు, చీమలు పుప్పొడి మోసి పక్క చెట్టుతోని సంకరం గూడ బాగనే చేస్తయి. అందుకే "పోయినేడు మంచిగుండె, ఈ యేడు విత్తనం మారింది" అనే మాట వస్తది. మారింది నేల కాదు, నీళ్లు కాదు, తండ్రి చెట్టు. అయితే నీళ్లకు గూడ ఒక లెక్కుంది. నీటి ఎద్దడి పడ్డ చెట్టుకు అదే జాతిల గూడ కారం పెరుగుతది. వారం రోజులు తడి ఇయ్యకుండ ఎండబెట్టి కోసిన కాయ నాలుకను జెర ఎక్కువనే కొరుకుతది.

ఇగ రంగు సంగతి. ఎర్రగ ఉంటే కారం ఎక్కువ అనుకుంటరు సగం మంది. ఎరుపు ఇచ్చేది క్యాప్సాంథిన్ అనే ఇంకో పదార్థం. దానికి, కారానికి చుట్టరికం లేదు. తేజ మంట ఎక్కువ, రంగు అంత చిక్కగ ఉండదు. బ్యాడగి, చపాటా మంట తక్కువ, రంగు మాత్రం చేతికి అంటుకుంటే సబ్బుకు పోదు. ఆ రంగును తీసి నూనె ముద్దగ చేసి తినే వస్తువులల్ల, పెదవులకు పూసుకునే రంగులల్ల వాడతరు. దానికోసమే కంపెనీలు ఈ కాయలు కొంటయి. మంట లేని కాయకు ధర ఎందుకుంటది అని అడిగేటోళ్లకు ఇదే జవాబు.

చపాటా గురించి నాలుగు మాటలు చెప్పాలె, అది మన రాష్ట్రపు కాయ. పొట్టిగ, లావుగ, పండితే టమాట లెక్క నిగనిగలాడుతది. అందుకే టమాట మిర్చి అని గూడ అంటరు. వరంగల్ దిక్కు రైతులు దీన్ని ఎన్నో ఏండ్ల సంది సొంత విత్తనం దాచుకుంట కాపాడుకున్నరు. సింగిల్ పట్టి, డబుల్ పట్టి అని మార్కెట్ల పేర్లు. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ, మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి భౌగోళిక గుర్తింపు కోసం కష్టపడ్డరు, 2025ల ఆ గుర్తింపు వచ్చింది. బ్యాడగికి 2011లనే వచ్చింది. మన కాయకు పద్నాలుగేండ్లు ఆలస్యమైంది. మన ఇండ్లల్ల ఎర్రటి కారంపొడి కోసం కర్ణాటక మిరప పేరు, కశ్మీరు మిరప పేరు రాసిన ప్యాకెట్లు కొంటం. నూట యాభై కిలోమీటర్ల దూరంల పండే మన కాయ పేరు సగం మందికి తెల్వదు. దీన్ని ఏమనాలె మరి?

ప్యాకెట్ల మాట వచ్చింది కాబట్టి అసలు భయం గూడ చెప్తా. జనానికి ఎర్ర రంగు కావాలె. కారం మిరపను పొడి కొడితే అంత రంగు రాదు. రంగు మిరప ఖరీదు. నడుమ దొంగకు దారి దొరికింది. బట్టలకు, మైనానికి వేసే సూడాన్ రంగు కలిపేటోళ్లు బయలుదేరిండ్రు. 2003ల యూరప్ దేశాలల్ల మన దేశం నుంచి పోయిన కారంపొడిల ఈ సూడాన్ రంగు దొరికింది. దాని వెనకనే యూరప్ వాళ్లు పరీక్ష కాగితం లేనిదే కారంపొడి దించుకోం అన్నరు. 2005ల బ్రిటన్ల ఆ రంగు కలిసిన కారంపొడి వాడిన వందల రకాల తినే సరుకులు దుకాణాలల్లకెళ్లి వెనక్కి తీసిండ్రు. కలిపింది ఎవడో వ్యాపారి, పేరు పోయింది మాత్రం భారతదేశం మిర్చికి, అంటే మనకు. అక్కడోళ్లకు పరీక్షలు ఉన్నయి. మన ఊరు కిరాణం కొట్ల విడిగ అమ్మే ఎర్రపొడికి ఎవరు పరీక్ష చేస్తున్నరు? వడ్లు పండించి లోకానికి బువ్వ పెట్టేటోడు, తన ఇంటి కూరల ఏం రంగు పడుతుందో తెల్వకుండ తినుడు నాకైతే నచ్చుతలేదు.

సరే, వంటకు వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే.

మిరపకాయ అసలు ఒక పండు. టమాట, వంకాయ, ఆలుగడ్డ కుటుంబమే. మంట పక్కన పెట్టి చూస్తే దానికి తీపి ఉంది, సన్నటి పులుపు ఉంది, ఎండితే ఒక పొగ వాసన, ఎండు పండ్ల వాసన ఉంది. తేజతోని వండినప్పుడు ఇవి మనకు ఎందుకు తెల్వవు అంటే, కూరల ఒక్క చెంచా కంటే ఎక్కువ ఎయ్యలేం. ఒక్క చెంచాల మంట వస్తది గానీ పండు రుచి ఏం వస్తది? కారం తక్కువ మిరప అయితే అదే కూరల మూడు చెంచాలు పడుతది. అప్పుడు కూరకు చిక్కదనం వస్తది, రంగు వస్తది, మిరప వాసన వస్తది. కారం తక్కువ కాయ బలం ఇదే, ఎక్కువ వేసుకోవచ్చు. ఇది ఒక్కసారి అర్థమైతే ఆ కాయ మీద చులకన పోతది.

పండుమిరప తొక్కు తీసుకోండి. కారం కాయతోని చేస్తే గోరంత అన్నానికి అద్దుకొని తినాలె, పొద్దున్నే కడుపు పట్టుకోవాలె. కండ ఎక్కువున్న, కారం తక్కువ పండ్లతోని చేస్తే నిమ్మకాయంత ముద్ద కలుపుకొని తినొచ్చు. పండ్లు కడిగి, గుడ్డతోని ఒక్కొక్కటి తుడిచి, నీడకు ఆరబెట్టి, అప్పుడే తొడిమ తియ్యాలె. ముందే తొడిమ తీసి కడిగితే లోపలికి నీళ్లు పోయి తొక్కు బూజు పడుతది. ఉప్పు, చింతపండు వేసి రోట్ల దంచి మూడు రోజులు జాడీల ఊరనిచ్చి, మళ్ల తీసి ఎల్లిగడ్డ, మెంతిపొడి వేసి నూరుడు మా ఇంట్ల పద్ధతి. నువ్వుల నూనె పోపు వేస్తే ఇంకేం కూర అక్కర్లేదు. మా దిక్కు ముసలోళ్లు, డాక్టరు కారం తగ్గించమన్నోళ్లు, తొక్కు వాసన చూసి నిట్టూర్చేటోళ్లు ఎంతమంది లేరు? వాళ్లకు గూడ ఒక ముద్ద దొరుకుతది.

కోడికూర, చేపల పులుసు వండేటప్పుడు పొడి వెయ్యకుండ ఎండుకాయ నానబెట్టి నూరి చూడండి. కారం తక్కువ ఎండుకాయలు పది, పన్నెండు తీసుకొని గింజలు దులిపి వేడి నీళ్లల్ల అరగంట నానబెట్టాలె. ఎల్లిగడ్డ, ధనియాలతోని మెత్తగ నూరాలె. ఉల్లిగడ్డ వేగినంక ఈ ముద్ద వేసి, నూనె పక్కకు తేలేదాక సన్న మంట మీద వేయించాలె. ఎరుపు, కారం రెండూ నూనెల కరిగేటివే, నీళ్లల్ల కరగవు. అందుకే నూనెల వేగినప్పుడే రంగు ఇడుస్తది. కానీ మంట ఎక్కువ పెడితే మాడి చేదైతది, ఆ చేదు మళ్ల ఏం వేసినా పోదు. పొడి వేసేటప్పుడైతే పొయ్యి బందు చేసి వేసుడే మంచిది. (కారం నీళ్లల్ల కరగదు కాబట్టే నోరు మండినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా లాభముండదు. పెరుగో, సల్లనో నోట్ల పోసుకుంటే మంట దిగుతది. కల్లం కాడ కూలీలకు ఇది చెప్పాల్సిన పని లేదు, వాళ్లకు మనకంటే ముందే తెలుసు.)

మామిడికాయ తొక్కుకు, ఆవకాయకు రెండు పాళ్లు కారం తక్కువది, ఒక పాలు తేజ. ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు. ఒట్టి తేజతోని పెడితే యేడాది తిరిగేసరికి నల్లబడుతది, కారం నషాళానికి ఎక్కుతది. ఒట్టి చప్పదానితోని పెడితే నోటికి తగలదు. రెండూ కలిస్తే జాడీ అడుగు దాక ఎర్రగనే ఉంటది.

పచ్చి కాయల్ల గూడ ఇదే మాట. బజ్జీ మిరప లేకపోతే సాయంత్రం వాన పడ్డప్పుడు మనం ఏం తింటం? ఆ పొడుగు కాయను చీరి, ఈనె తీసి, పల్లీలు, నువ్వులు, చింతపండు నూరి కూరి వండితే అన్నంలకు, జొన్న రొట్టెకు రెండింటికీ పనికొస్తది. హైదరాబాద్ల బిర్యానీ పక్కన పోసే మిర్చి కా సాలన్ గూడ ఆ లావు కాయదే. సల్ల మిరపకాయలకు గూడ కండ ఉన్న కాయ బాగుంటది. పుల్లటి సల్లల ఉప్పేసి రాత్రి నానబెట్టుడు, పగలు ఎండబెట్టుడు, మళ్ల సాయంత్రం అదే సల్లల వేసుడు, సల్ల అయిపోయేదాక. పప్పుచారు, అన్నం, రెండు సల్ల మిరపకాయలు. ఇంక నేనేం చెప్పను.

అయితే అన్నిటికీ ఇది పనికొస్తదని నేను అంటలేను. పచ్చిపులుసుల కాల్చి నలిపేటందుకు చురుకున్న కాయనే కావాలె. బోటి కూరకు, తలకాయ కూరకు చప్ప మిరప వేస్తే ఆ వాసనకు ఎదురు నిలవదు. ఎల్లిగడ్డ కారం గూడ అంతే, మండాలె. ఇంట్ల రెండు డబ్బాలు ఉండాలె, ఒకటి మంటకు, ఒకటి రుచికి. ఒక్క డబ్బాతోని అన్ని కూరలు వండుడు అంటే, ఒక్క కొడవలితోనే దున్నుడు, కోసుడు, చెక్కుడు చేసినట్టు ఉంటది.

ఇంకో మాట. పండుమిరపల సి విటమిన్ ఎక్కువ. హంగరీ దేశంల సెగెడ్ అనే ఊర్ల ఆల్బర్ట్ సెంట్-జార్జి అనే ఆయన సి విటమిన్‌ను పెద్ద ఎత్తున తీసింది నిమ్మకాయల నుంచి కాదు, ఆ ఊరి ఎర్ర మిరప నుంచి. 1937ల ఆయనకు నోబెల్ వచ్చింది. ఎండబెడితే, ఉడకబెడితే అది చాలా మటుకు పోతది. అంటే పచ్చిగ తినగలిగే కాయకే ఆ లాభం. తేజను పచ్చిగ ఎన్ని తింటవు చెప్పు?

ఇప్పుడు కొందరు అడుగుతరు, "ఇంత మంచిదైతే రెండెకరాలు పెడదామా?" అని. వద్దు. నేను అమ్మకానికి పెట్టమంటలేను, ఎందుకో గూడ చెప్తా.

ఒకటి, భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్ల చూసి ఉరుకొద్దు. ఆ గుర్తింపు వరంగల్, దాని చుట్టూ ఉన్న ప్రాంతానిది. మన త్రిపురారంల పండించిన కాయను "వరంగల్ చపాటా" అని అమ్మే హక్కు మనకు లేదు, ఉండకూడదు గూడ. మన పేరు మీద ఇంకొకడు అమ్మితే మనం ఊకుంటమా?

రెండు, ధర. ఎనుమాముల మార్కెట్ల ఈ కాయ కొన్నేండ్లు తేజను మించి, అందరూ ముక్కు మీద వేలేసుకునేటట్టు పలికింది. కొన్నేండ్లు పడిపోయింది గూడ. కొనేటోళ్లు కొద్దిమంది. తేజకు ఖమ్మంల ఇయ్యాల కాకపోతే రేపు ఎవడో ఒకడు కొంటడు, విదేశాలకు పోతది. రంగు మిరప కొనేటోడు రంగు చూసే కొంటడు. రంగు వెలిస్తే ఆ కాయ తాలు కింద లెక్క. మన దిక్కు ఒక వ్యాపారి కాయ విరిచి వాసన చూసి "దీంట్ల కారమేది?" అన్నడు. రంగు చూసే కన్నే ఆయనకు లేదు. అటువంటి మార్కెట్ల మధ్య ఉండి రంగు కాయ ఎకరాలకు ఎకరాలు పెట్టుడు సాహసం కాదు, ఇంకోటి.

మూడు, ఎండబెట్టుడు. తోలు దళసరి, కండ ఎక్కువ. సన్న కాయ ఎండినంత తొందరగ ఎండదు. మంచు పడ్డా, మబ్బు పట్టినా లోపల బూజు వస్తది. బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారైతది, అది వండినా పోదు. ఇంటి మట్టుకు పది కిలోల పండ్లైతే రెండు బద్దలుగ చీరి మిద్దె మీద పట్టా పరిచి ఎండబెట్టుకోవచ్చు. ముప్పై క్వింటాళ్లు చీరుడు అయ్యే పనేనా?

నాలుగు, పురుగు. 2021-22ల నల్ల తామర పురుగు పూతల దూరి మన రాష్ట్రంల, ఆంధ్రల మిరప తోటలను ఎట్ల నాశనం చేసిందో చూసినం. ఎకరానికి లక్షకు పైనే పెట్టి, కౌలు గూడ కట్టి, చేతికి ఏం రానోళ్లు ఉన్నరు. ఏ జాతికీ అది మినహాయింపు ఇయ్యలేదు. కౌలు రైతు ఇటువంటి పంటల కొత్త ప్రయోగం చేసుడు నేను ఒప్పను.

అందుకే నాలుగు సాళ్లు అంటున్న. లెక్క చూడండి. ఇంట్ల అయిదుగురు ఉంటే ఎండు మిరప యేడాదికి ఆరేడు కిలోలు పడుతది, తొక్కులతోని కలిపి ఇంకో రెండు, మూడు. దాన్ల సగం కారం తక్కువది అనుకున్నా అయిదు కిలోలు. చెట్టుకు వంద గ్రాముల ఎండు కాయ వచ్చినా యాభై చెట్లు చాలు. తొక్కుకు, బజ్జీకి ఇంకో పది, ఇరవై చెట్లు. ఇది గుంట భూమి గూడ కాదు, పెరట్ల బర్రె కొట్టం పక్కన జాగ చాలు.

మన ఆయకట్టుల ఒక చిక్కు ఉంది. 1967ల సాగర్ కాల్వలకు నీళ్లు ఇడిచిన కాడి నుంచి ఎడమ కాల్వ కింద మనకు వరి తప్ప ఇంకోటి కనపడదు. మిరప వేరు తడిని ఓర్చుకుంటది గానీ నిలిచిన నీళ్లను ఓర్వదు. ఒక్క పూట నీళ్లు నిలిస్తే సాయంత్రానికి తల వేలాడేస్తది. పొలం మధ్యల పెడతనంటే కుదరదు. చెల్క భూమి ఉన్నోళ్లకు తిప్పలు లేదు. నల్లరేగడోళ్లు ఎత్తుగ బోదె చేసి దాని మీద నాటాలె, లేకపోతే మోటరు కాడ ఎత్తు జాగ చూసుకోవాలె. ఎండకాలం అయితే నీడ వల తక్కువ ఖర్చుల దొరుకుతది గానీ, వానకాలం పంటకు అక్కర్లేదు.

విత్తనం నిలుపుకునుడు గురించి ఒకటి చెప్పి ఆపుతా, ఎందుకంటే హైబ్రిడ్ ప్యాకెట్ తెచ్చి దాని గింజ దాచుకుంటే మల్లేడు చెట్టుకో రకం వస్తది. సొంత విత్తనం కావాలంటే హైబ్రిడ్ కాని, స్థిరమైన రకమే పెట్టాలె. ధృవీకరణ విత్తనం పండించేటోళ్లు వేరే మిరప తోటకు కనీసం 200 మీటర్ల దూరం పాటిస్తరు. మన ఊర్ల అంత దూరం ఎక్కడ దొరుకుతది, పక్కింటోల్ల తేజ గోడ అవుతలే ఉంటది. ఉపాయం ఏందంటే, బాగున్న చెట్టు మీద పూలు విచ్చకముందే ఒక కొమ్మకు పలుచటి వల గుడ్డ సంచి తొడిగి కట్టాలె. దాని లోపల మొగ్గ విచ్చి, ఊపితే తనకు తానే పిందె పడుతది. పిందెలు పడ్డంక సంచి తీసి, ఆ కాయలకు ఎర్ర దారం కట్టి గుర్తు పెట్టుకోవాలె. ఇంట్లోళ్లకు గూడ చెప్పాలె, లేకపోతే దారం కట్టిన కాయే ముందు పప్పుల పడుతది. చెట్టు మీదనే పండనిచ్చి, తీసి, గింజ నీడకు ఆరబెట్టి దాచుడు.

గిర్నీకి తీసుకపోయేటోళ్లు పొద్దున్నే, మొదటి ఘానకే పోండి. ముందు ఎవరిదో తేజ పట్టి ఉంటే గిర్నీల మిగిలిన కారం మన పొడిల కలుస్తది, ఇన్ని తిప్పలు పడ్డది నీళ్ల పాలైతది. కాయ గలగల అనేదాక ఎండిందా లేదా చూసి, తొడిమ తీసి పట్టించాలె. పొడిని అద్దాల సీసాల పోసి ఎండ పడే కిటికీల పెట్టొద్దు, వెలుతురుకు రంగు వెలిసిపోతది. చీకటి అల్మారల, మూత గట్టి ఉన్న డబ్బాల ఉంటే యేడాది దాక నిలుస్తది. పెద్ద వ్యాపారులు కోల్డ్ స్టోరేజీలల్ల పెట్టేది గూడ ఆ రంగు కోసమే కదా.

ఇంకొక విన్నపం. మన మండలంలనే కంపాసాగర్ల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వరి గురించి మనం పోయి అడుగుతం. పెరటి మిరప గురించి ఎంతమంది అడిగినం? పది మంది కలిసి పోయి, కారం తక్కువ రకాలు మన నేలల ఎట్ల వస్తయో నాలుగు సాళ్లు పెట్టి చూపించమని అడుగుదాం. అడిగితేనే కదా వాళ్లకైనా తెలిసేది, మనకు ఇది కావాలని.

జులై, ఆగస్టుల నారు పోస్తే నలభై రోజులకు నాటు అందుతది, సంక్రాంతి నాటికి మొదటి పండు కోస్తం. మీ ఇంట్ల పాత రకం ఏదైనా, పొట్టిదైనా పొడుగుదైనా, కారం తక్కువ ఉండి విత్తనం దాచుకుంటున్నోళ్లు ఉంటే కింద రాయండి. కాయ ఫోటో పెట్టండి, ఆ విత్తనం ఎన్నేండ్ల సంది మీ ఇంట్ల ఉందో గూడ చెప్పండి. పది గింజలు ఇచ్చి పది గింజలు తీసుకుందాం.